భరణం కట్టని తండ్రికి పరిహారంలో వాటా ఉంటుందా? సందేహాలు - సమాధానాలు

ప్రమాదంలో బిడ్డనో భర్తనో భార్యనో పోగొట్టుకున్నవాళ్లు రాసిన ఉత్తరాలివి. అసలే దుఃఖంలో ఉంటే, వాటా అనో బాకీ అనో అరెస్టు అనో ఎవరో ఒకరు వాళ్లను భయపెట్టారు. అందరూ పేర్లు వేయవద్దన్నారు కాబట్టి ఊరు మాత్రమే రాస్తున్నాను.

మా అబ్బాయికి 22 ఏళ్లు. కరెంటు పనులు చేసేవాడు. బైకు మీద ఇంటికి వస్తుంటే లారీ గుద్ది చనిపోయాడు. వాళ్ల నాన్న మమ్మల్ని వదిలేసి చాలా ఏళ్లయింది. కోర్టు నెలకు నాలుగు వేలు భరణం ఇమ్మంటే కొన్నాళ్లు కట్టి మానేశాడు. ఇప్పుడు ‘పరిహారంలో సగం నాది, సంతకం పెట్టు’ అని మనుషుల్ని పంపుతున్నాడు. నిజంగా సగం ఆయనకే పోతుందా?
– ఒక తల్లి, నల్గొండ

సమాధానం: అమ్మా, ముందు ఆ సంతకం భయం వదిలేయండి. సగం అనే లెక్క ఏ చట్టంలోనూ లేదు. మీరు ఎవరికీ ఏ కాగితం మీదా సంతకం పెట్టనక్కర్లేదు. ఎవరికి ఎంత అన్నది మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ జడ్జి తేలుస్తారు. పెళ్లికాని కొడుకు చనిపోయినప్పుడు మామూలుగా తల్లినే అతని సంపాదన మీద ఆధారపడిన మనిషిగా చూడాలని, తండ్రికి సొంత సంపాదన ఉంటుందనుకోవాలని 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘నేనూ ఆ కొడుకు మీదే బతికాను’ అని తండ్రి అంటే, రుజువు చేసుకోవాల్సింది ఆయనే. హిందూ వారసత్వ చట్టంలో కూడా కొడుకు ఆస్తికి తల్లి మొదటి తరగతి వారసురాలు, తండ్రి రెండో తరగతిలో వస్తాడు.

ఒక సంగతి మాత్రం దాచను. భరణం ఎగ్గొట్టినవారికి పరిహారమే రాదని నేరుగా రాసిన సెక్షన్ మన దేశంలో లేదు. ఆ బకాయి ఇక్కడ సాక్ష్యంగా పనికొస్తుంది: బిడ్డను పెంచింది ఎవరు, బిడ్డ జీతం ఏ ఇంటికి చేరేది అన్నది దానితో తేలుతుంది. భరణం ఉత్తర్వు నకలు, కట్టిన నెలల వివరం, బ్యాంకు పాసుబుక్కు లాయరుకు ఇవ్వండి. ఆయన వేరే ఊళ్లో పిటిషన్ వేసి మీకు నోటీసు పంపిస్తే మాత్రం వాయిదాకు తప్పకుండా వెళ్లండి. మీరు లేకుండా విచారణ జరిగిపోతే అప్పుడు నిజంగానే చిక్కు.

పరిహారం ఎంత వస్తుందో ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు. మా వాడికి పెళ్లి కాలేదు, వయసు 24, నెలకు 15 వేలు తెచ్చేవాడు. ప్రైవేటు పని. భరణం రాక చదువు మానేసి పనిలో చేరాడు. ఆ సంగతి కూడా లెక్కలోకి వస్తుందా?
– ఒక తల్లి, ఖమ్మం

సమాధానం: లెక్కకు ఒక పద్ధతుంది, ఎవరి దయమీదా ఆధారపడింది కాదు. మీరే వేసి చూసుకోవచ్చు. 40 ఏళ్లలోపు ప్రైవేటు పనివారికి ముందుముందు జీతం పెరిగేదని 40 శాతం కలుపుతారు, అంటే 15 వేలు 21 వేలవుతుంది. పెళ్లికానివాడు కాబట్టి సగం సొంత ఖర్చు కింద తీసేస్తే 10,500 మిగులుతుంది. ఏడాదికి 1,26,000. ఆ వయసుకు దాన్ని 18తో గుణిస్తారు, అంటే 22,68,000 రూపాయలు. దీనికి అంత్యక్రియల ఖర్చు, ఎస్టేట్ నష్టం 15 వేల చొప్పున, ఆత్మీయతను కోల్పోయినందుకు 40 వేలు కలుస్తాయి. ఈ మూడు మొత్తాలనూ 2017లో ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు నిర్ణయించింది, మూడేళ్లకోసారి పది శాతం పెంచమంది.

చదువు మానేసిన సంగతి ఈ లెక్కలో అంకెగా రాదు. కానీ ఇల్లు ఆ బిడ్డ జీతం మీదే నడిచిందనడానికి అంతకన్నా బలమైన మాట లేదు. సాక్ష్యం చెప్పేటప్పుడు మీరు తప్పకుండా చెప్పండి. జీతానికి రుజువు లేదని దిగులు పడకండి, యజమాని సాక్ష్యం చాలు. అదీ లేకపోతే ఆ పనికి ఉండే కనీస వేతనాన్ని చూస్తారు.

మా పాప తొమ్మిదేళ్లకే స్కూలు ఆటో బోల్తా పడి పోయింది. నేను ఒంటరిగా పెంచాను, వాళ్ల నాన్న పైసా ఇవ్వలేదు. పాప సంపాదించేది కాదు కదా, పరిహారం ఉండదని ఒకరు, ఉంటే తండ్రికీ సమానమని ఒకరు అంటున్నారు.
– ఒక సోదరి, కర్నూలు

సమాధానం: సంపాదన లేని బిడ్డకు పరిహారం ఉండదన్నది అబద్ధం. 2013లో కిషన్ గోపాల్ కేసులో పదేళ్ల బాబు మరణానికి ఏడాదికి 30 వేల ఆదాయం ఉన్నట్టు భావించి, మొత్తం ఐదు లక్షలు ఇచ్చింది సుప్రీంకోర్టు. ఆ తర్వాత 2018లో మాగ్మా కేసులో, బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు ఆ ప్రేమ పోయినందుకు కూడా విడిగా ఇవ్వాలని చెప్పింది. రెండో మాటలో కొంత నిజముంది. పెళ్లికాని కూతురి విషయంలో వారసత్వ చట్టం తల్లినీ తండ్రినీ ఒకే మెట్టు మీద ఉంచింది, కొడుకు విషయంలో లాగా కాదు. అయినా పంపకం ట్రిబ్యునల్ చేతిలోనే ఉంటుంది. స్కూలు ఫీజు రసీదులు, టీకాల కార్డు, ఆధార్‌లో చిరునామా, పేరెంట్స్ మీటింగ్ రిజిస్టర్‌లో మీ సంతకాలు జాగ్రత్తగా తీసి ఉంచండి. పాప ఎవరి చేతుల్లో పెరిగిందో అవే చెప్తాయి.

పిటిషన్‌లో తండ్రి పేరు రాయకపోతే గొడవే ఉండదు కదా? ఆయన ఎక్కడున్నాడో కూడా తెలియదు.
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

సమాధానం: మీ కోపం అర్థమైంది, కానీ ఆ పని చేయకండి. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ ప్రకారం చట్టబద్ధ ప్రతినిధులు అందరి తరఫునా పిటిషన్ వేయాలి. కలిసిరాని వాళ్లను ప్రతివాదులుగా చేర్చాలి. దాచిపెడితే ఆయన ఎప్పుడో తిరిగొచ్చి తీర్పునే ప్రశ్నించే అవకాశం ఇచ్చినట్టవుతుంది. చిరునామా తెలియకపోతే పేపర్లో నోటీసు వేయించమని కోర్టును అడగవచ్చు. అప్పటికీ రాకపోతే విచారణ ఆయన లేకుండానే సాగుతుంది.

మేము క్రైస్తవులం. తండ్రి బతికుండగా తల్లికి ఏమీ రాదని మా చర్చిలో పెద్దాయన అన్నారు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, గుంటూరు

సమాధానం: ఆయన చెప్పింది ఆస్తి సంగతి. 1925 నాటి భారత వారసత్వ చట్టంలో పెళ్లికాని బిడ్డ వీలునామా లేకుండా పోతే, తండ్రి ఉంటే ఆస్తి తండ్రిదే అని నిజంగానే ఉంది. కానీ మీ అబ్బాయి జీతం మీద మీరు బతికినందుకు వచ్చే పరిహారం మీ అబ్బాయి వదిలి వెళ్లిన ఆస్తి కాదు. మీకు జరిగిన నష్టానికి మీకు ఇచ్చేది. ఆధారపడింది మీరేనని చూపితే మీ వాటా మీకుంటుంది, నిశ్చింతగా పిటిషన్ వేయండి.

నేను లారీ డ్రైవర్ని. లాక్‌డౌన్‌లో పని పోయి భరణం ఆగింది, ఆ తర్వాత అందుకోలేకపోయాను. మూడేళ్ల బకాయి ఉంది. నా కూతురు 16 ఏళ్లది, బస్సు ప్రమాదంలో పోయింది. ఆఖరి చూపుకి కూడా భయపడుతూ వెళ్లాను. ట్రిబ్యునల్‌కు వెళ్తే అక్కడే అరెస్టు చేస్తారని అంటున్నారు. బిడ్డ పోయాక డబ్బు అడిగే అర్హత నాకుందా అని నాకే అనిపిస్తోంది.
– ఒక తండ్రి, అనంతపురం

సమాధానం: మీరు ఆ బిడ్డకు తండ్రి, బకాయి వల్ల ఆ బంధం చట్టం దృష్టిలో తెగిపోలేదు. పైన చెప్పిన మాగ్మా తీర్పులోని ఆత్మీయత నష్టం మీకూ వర్తిస్తుంది. ట్రిబ్యునల్ పరిహారం తేల్చే చోటు, భరణం బకాయికి అరెస్టు చేసే అధికారం దానికి లేదు. భరణం కేసులో మీ మీద వారెంటు జారీ అయి ఉంటే మాత్రం అది ఎక్కడైనా అమలు కావచ్చు. కాబట్టి మొదట ఆ కోర్టులో ఏముందో లాయరు చేత చూపించుకోండి.

మీ అంతట మీరే ఆ మేజిస్ట్రేటు ముందుకు వెళ్లి, ఇంత ఇప్పుడు కడతాను, మిగతాది వాయిదాల్లో కడతానని అర్జీ పెట్టుకోవడమే దారి. మీకై మీరు వచ్చారంటే జడ్జి చూపు వేరుగా ఉంటుంది, ఇది నేను నమ్మి చెప్తున్నాను. జైలుకెళ్లి వస్తే బాకీ తీరిపోతుందని ఎవరైనా అంటే వినకండి. జైలు బాకీని చెరపదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. కొత్త చట్టం, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 146వ సెక్షన్ కింద ఆదాయం తగ్గిందని భరణం మార్చమని అడగవచ్చు. మీ అమ్మాయి విషయంలో ఇకపై భరణం ఉండదు. ఆమె పోయిన రోజు వరకు ఉన్నది మాత్రం చెల్లించాల్సిందే.

ఇక అర్హత సంగతి. మధ్యమధ్య ఫోన్‌పే చేసిన వందలు, పండక్కి కొన్న బట్టలు, ఆస్పత్రి బిల్లు, పాపతో మాట్లాడిన కాల్స్ ఏవైనా ఉంటే చూపండి. ఇవ్వలేక ఆగినవాడికి, ఇవ్వకూడదని ఆగినవాడికి తేడా అక్కడే కనిపిస్తుంది. మీ భార్య వేసిన పిటిషన్‌కు అడ్డు పడకుండా, ఆమెకు ఎక్కువ వాటా ఇవ్వడానికి అభ్యంతరం లేదని చెప్పే హక్కు కూడా మీకుంది. అలా చెప్పిన తండ్రులు ఉన్నారు.

ఆయన నాకు, మా బాబుకు కలిపి రెండున్నర లక్షలు బాకీ. బాబు పోయాక ట్రిబ్యునల్ ఆయనకు కూడా కొంత ఇచ్చింది. ఆ సొమ్ములోంచి నా బాకీ పట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: పట్టుకోవచ్చు, కానీ ట్రిబ్యునల్ తనంతట తానే కోసి ఇవ్వదు. భరణం ఉత్తర్వు ఇచ్చిన కోర్టులో ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేసి, ట్రిబ్యునల్‌లో డిపాజిట్ అయిన ఆయన వాటాను జప్తు చేయమని అడగాలి. కోర్టు చేతిలో ఉన్న సొమ్మును ఇలా పట్టుకోవడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21, రూల్ 52 ఉంది. ఆయన చెక్కు తీసుకోకముందే ఆ పని కావాలి, అందుకే తీర్పు వచ్చిన వారంలోనే కదలండి. ఇంకొక గడువు గుర్తుంచుకోండి: భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ (పాత చట్టంలో 125) కింద బకాయికి వారెంటు కావాలంటే అది బాకీ పడిన ఏడాదిలోపు అర్జీ పెట్టాలి.

నా భర్త నుంచి విడిగా ఉంటున్నాను, విడాకులు కాలేదు. భరణం కేసు గెలిచాను, డబ్బు రాలేదు. ఆయన కారు ప్రమాదంలో పోయాడు. ‘కాపురం వదిలి వెళ్లినదానికి వాటా ఏంటి’ అని అత్తవాళ్లు, ‘ఈమె భర్త మీద ఆధారపడలేదు’ అని ఇన్సూరెన్స్ కంపెనీ లాయరు అంటున్నారు.
– ఒక సోదరి, వరంగల్

సమాధానం: విడాకుల డిక్రీ రానంత వరకు మీరు ఆయన భార్యే, ఇప్పుడు ఆయన వితంతువు. ఎంతకాలం విడిగా ఉన్నా ఆ స్థానం పోదు. కంపెనీ లాయరు అలాగే వాదిస్తారు, అది వాళ్ల పని, విని బెదరకండి. మీ చేతిలో ఉన్న భరణం ఉత్తర్వే వాళ్లకు జవాబు. మిమ్మల్ని పోషించాల్సిన బాధ్యత ఆయనకుందని ఒక కోర్టు అప్పటికే తేల్చింది. అదే కాగితం చూపి, నీ నష్టం ఆ భరణం మొత్తమే అని తగ్గించబోతారు. కాబట్టి ఆయన అసలు జీతం రుజువులూ సిద్ధం చేసుకోండి.

ఆయన పోయిన రోజుతో ముందు నెలల భరణం ఆగుతుంది. అప్పటివరకు పేరుకున్నది ఆయన అప్పు, ఆయన వదిలి వెళ్లిన పొలం, ఇల్లు, డిపాజిట్ల నుంచి అడగవచ్చు. అత్తమామల సొంత ఆస్తి నుంచి కాదు. మీ అత్తగారికీ పరిహారంలో వాటా ఉంటుంది, ఆమె కూడా కొడుకును పోగొట్టుకున్న తల్లే. దాని మీద పోరాడి శక్తి వృథా చేసుకోకండి.

నాకు విడాకులైపోయాయి. పిల్లలిద్దరూ నా దగ్గరే ఉన్నారు. మాజీ భర్త ప్రమాదంలో పోతే పిల్లలకు హక్కుందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: పూర్తిగా ఉంది. విడాకులు భార్యాభర్తల మధ్యే, తండ్రీబిడ్డల మధ్య కాదు. పిల్లలు మైనర్లయితే వాళ్ల తరఫున మీరే పిటిషన్ వేయవచ్చు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకుని ఉంటే ఆ భార్య, పిల్లలు, ఆయన తల్లి కూడా అందులో ఉంటారు.

మా అమ్మాయి బస్సు కింద పడి చనిపోయింది. పిల్లలిద్దరినీ నేనే చూస్తున్నాను. అల్లుడు వాళ్లకు భరణం కట్టమంటే ఏనాడూ కట్టలేదు. ఇప్పుడు ‘పిల్లలకు గార్డియన్ని నేనే’ అని ఆయనే కేసు వేశాడు. డబ్బంతా తీసుకుని పిల్లల్ని నాకే వదిలేస్తాడని నా భయం.
– ఒక అమ్మమ్మ, కాకినాడ

సమాధానం: అమ్మా, పిల్లల వాటా ఆయన జేబులోకి పోదు. మైనర్ల సొమ్ము పెద్దయ్యే వరకు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంచాలని 1990ల మొదట్లో సూసమ్మ థామస్ కేసులో సుప్రీంకోర్టు నియమాలు పెట్టింది. ఖర్చులకు వడ్డీ తీసుకునేలా ట్రిబ్యునల్ అనుమతిస్తుంది. ఆ వడ్డీ ఎవరి చేతికి రావాలన్నదే మీరు అడగాల్సిన ప్రశ్న. పిల్లలు మీ దగ్గరే ఉంటున్నారని, తిండీ చదువూ మీరే చూస్తున్నారని చెప్పి, మిమ్మల్నీ కేసులో చేర్చమని అర్జీ పెట్టండి. స్కూలు సర్టిఫికెట్, రేషన్ కార్డు, భరణం ఉత్తర్వు జతచేయండి.

భర్తగా ఆయనకూ చట్టంలో ఒక స్థానం ఉంది, దాన్ని తుడిచేయలేం. కానీ భార్య సంపాదన మీద తాను బతికానని చూపలేకపోతే ఆయన వాటా తగ్గించి, పిల్లలకు పెంచమని అడిగే హక్కు పిల్లలకుంది. వెంటనే భయపడాల్సిన సందర్భం ఒకటుంది: లోక్ అదాలత్‌లో రాజీ. ఇన్సూరెన్స్ కంపెనీతో ఆయన తక్కువకు ఒప్పుకుని సంతకం చేస్తే, ఆ తీర్పు మీద అప్పీలు ఉండదు. మైనర్ల తరఫున రాజీకి కోర్టు అనుమతి తప్పనిసరి కాబట్టి, అక్కడ మీ అభ్యంతరం రాతపూర్వకంగా ముందే ఉండాలి.

నా మనవడు 20 ఏళ్లవాడు, రోడ్డు దాటుతూ పోయాడు. కూతురు ఎప్పుడో చనిపోయింది. అల్లుడు వేరే పెళ్లి చేసుకుని మళ్లీ ముఖం చూపలేదు. మనవడు తెచ్చిన జీతం మీదే నేను బతికాను. వారసుడు తండ్రేనట, నేను ఏమీ కానట.
– ఒక పెద్దావిడ, సిద్దిపేట

సమాధానం: మీరు ఏమీ కాకపోవడమేంటమ్మా, వాడిని పెంచిన మనిషి మీరు. మోటారు వాహనాల చట్టంలోని చట్టబద్ధ ప్రతినిధి అన్నమాట వారసుడి కన్నా పెద్దది. చనిపోయినవారితో కలిసి ఉంటూ వాళ్ల మీద ఆధారపడిన అత్తగారిని కూడా అలా గుర్తించింది సుప్రీంకోర్టు, 2021లో ఎన్. జయశ్రీ కేసులో. తండ్రిని ప్రతివాదిగా చేర్చి, పిటిషన్ మీ పేరున వేయండి.

మా తమ్ముడు పొలంలో తెగిపడిన కరెంటు తీగ తగిలి పోయాడు. ఇది రోడ్డు ప్రమాదం కాదు కదా, ఎక్కడికెళ్లాలి? మరదలికి భరణం బాకీ ఉన్నాడు.
– ఒక పాఠకుడు, కడప

సమాధానం: దీనికి వేరే దారి ఉంది, 1855లో చేసిన ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం. భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లల కోసం సివిల్ కోర్టులో ఒకే దావా వేయాలి. వచ్చిన సొమ్ము ఎవరికెంతో కోర్టే పంచుతుంది. ఆ చట్టంలో తాతా నానమ్మా కూడా తల్లిదండ్రుల లెక్కలోకే వస్తారు, అన్నదమ్ములు మాత్రం రారు. తీగ తెగిన తప్పు తమది కాదని విద్యుత్ సంస్థ తప్పించుకోలేదని 2002లో శైల్ కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గడువు మరణించిన రోజు నుంచి రెండేళ్లు. మరదలి బాకీ మీ తమ్ముడి ఆస్తి మీద ఉంటుంది, ఆమె దావా హక్కు దానివల్ల పెరగదు, తరగదు.

మా పెద్దోడు అమెరికాలో డాలస్‌లో ఉండేవాడు, రోడ్డు ప్రమాదంలో పోయాడు. కోడలి నుంచి విడిగా ఉండేవాడు, పాపకు కోర్టు చెప్పిన చైల్డ్ సపోర్ట్ కొన్ని నెలలుగా కట్టలేదట. వచ్చే డబ్బంతా ఆ బాకీకే పోతుందని, మాకు హక్కు లేదని చెప్పారు. మాకు ఇంగ్లిషు రాదు, వీసా లేదు.
– తల్లిదండ్రులు, కరీంనగర్

సమాధానం: ఇంత దూరంలో కూర్చుని బిడ్డ కోసం ఏమీ చేయలేకపోయామన్న బాధ మీ అక్షరాల్లో కనిపిస్తోంది. టెక్సస్ చట్టంలో ఇలాంటి మరణానికి దావా వేసే హక్కు భార్యకు, పిల్లలకు, తల్లిదండ్రులకు ఉంది. అన్నదమ్ములకు లేదు. కాబట్టి మీరు హక్కుదారులే. ఆ దావాలో వచ్చే సొమ్ము చనిపోయినవారి అప్పులకు పోదని అక్కడి చట్టమే స్పష్టంగా చెప్పింది. చైల్డ్ సపోర్ట్ బాకీ మీ అబ్బాయి వదిలిన ఆస్తి, అంటే ఎస్టేట్ నుంచి తీరుతుంది. తండ్రి పోయినప్పుడు ముందు కాలానికి కట్టాల్సింది కూడా ఒక్కసారిగా బాకీగా మారే పద్ధతి టెక్సస్‌లో ఉంది, అది చూసి ఉలిక్కిపడకండి. అది మీ మనవరాలి తిండీ చదువూ. గడువు మామూలుగా రెండేళ్లు కాబట్టి డాలస్‌లో ఉన్న మీ బంధువుల ద్వారా ఆ రాష్ట్రం లాయరునే పెట్టుకోండి.

మేము న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటాం. 19 ఏళ్ల కొడుకును ట్రక్కు ప్రమాదంలో పోగొట్టుకున్నాను. వాళ్ల నాన్న ఏళ్ల తరబడి చైల్డ్ సపోర్ట్ ఎగ్గొట్టారు. సెటిల్‌మెంట్‌లో ఆయన పేరు కూడా ఉంటుందని మా లాయరు చెప్పగానే కుప్పకూలిపోయాను.
– ఒక తల్లి, ఎడిసన్

సమాధానం: మీ లాయరు చెప్పింది ప్రక్రియ మాత్రమే, తీర్పు కాదు. న్యూజెర్సీలో ఖర్చులు పోను ఒకరికి చేరే సొమ్ము రెండు వేల డాలర్లు దాటితే, ఇచ్చే ముందు ఆ మనిషి మీద చైల్డ్ సపోర్ట్ బాకీ తీర్పు ఉందేమో లాయరు వెతికించాలి. ఉంటే ఆ బాకీ ముందు తీరాలి. అంటే ఆయనకు వాటా వచ్చినా, మీకు రావాల్సింది దానిలోంచే వస్తుంది. మైనరుగా ఉన్నప్పుడు బిడ్డను వదిలేసిన తల్లిదండ్రులు వారసత్వాన్ని కోల్పోయే నిబంధన కూడా అక్కడ ఉంది. మీ కేసుకు అది సరిపోతుందా అని లాయరును సూటిగా అడగండి. బాకీ పడటం వేరు, వదిలేయడం వేరు. బిడ్డతో మాట, రాకపోక ఏమీ లేవన్నది మీరు చూపాలి.

అమెరికాలోని ఇతర రాష్ట్రాల నుంచి రాసినవారికి కూడా ఇక్కడే చెప్తాను. న్యూయార్క్‌లో 21 ఏళ్లలోపు బిడ్డను పోషించకుండానో వదిలేసో పోయిన తండ్రికి, ఆ బంధం మళ్లీ కలిసి మరణం వరకు నిలబడితే తప్ప, వాటా ఉండదు. సౌత్ కరోలినాలో పోషించని తల్లి లేదా తండ్రి వాటాను తగ్గించమని, పూర్తిగా తీసేయమని ప్రొబేట్ కోర్టును అడగవచ్చు. జార్జియాలో విడిపోయిన తల్లిదండ్రుల మధ్య పంపకానికి, ఎవరి దగ్గర పెరిగాడు, ఎవరు పోషించారు అన్నది జడ్జి చూస్తారు. ఒక రాష్ట్రం సంగతి విని ఇంకో రాష్ట్రంలో నమ్ముకోకండి.

ప్రమాదం జరిగి ఎనిమిది నెలలైంది. ఆరు నెలలు దాటితే కేసే లేదంటున్నారు. ఒకాయన మాత్రం వచ్చినదాంట్లో 30 శాతం ఇస్తే తానే చూసుకుంటానని, తెల్లకాగితాల మీద సంతకాలు అడుగుతున్నాడు. నా దగ్గర లాయరుకు డబ్బు లేదు.
– ఒక సోదరి, మహబూబ్‌నగర్

సమాధానం: ఆశ వదులుకోకండి. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు అమల్లోకి వచ్చిన మాట నిజమే. ఆ నిబంధనను సుప్రీంకోర్టులో సవాలు చేశారు కాబట్టి, గడువు దాటిందని మీకై మీరే తీర్పు చెప్పుకోకుండా ఈ వారమే లాయరును కలవండి. పోలీసులు ట్రిబ్యునల్‌కు పంపిన వివరమైన ప్రమాద నివేదికనే క్లెయిమ్‌గా తీసుకునే వీలూ ఉంది, అది వెళ్లిందో లేదో స్టేషన్‌లో అడగండి. తెల్లకాగితం మీద సంతకం మాత్రం ఎవరికీ పెట్టకండి. వచ్చిన సొమ్ములో శాతం ఫీజుగా తీసుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం.

డబ్బు లేదని ఆగిపోనక్కర్లేదు. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరును ఇవ్వాలని 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం చెప్తోంది. మీ జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఎఫ్ఐఆర్ నకలు, పోస్ట్‌మార్టం రిపోర్టు, భరణం ఉత్తర్వు, ఆధార్ కార్డు పట్టుకుని వెళ్లండి. వెళ్లలేకపోతే 15100కు ఫోన్ చేయండి, ఆ కాల్‌కు డబ్బు పడదు.